బూరెని ఇంగ్లీషులో వర్ణించిన వైనం

చెరుకుమిల్లిలో తెలివైన ఇల్లు ఏదని ఎవరినైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు. అదే మాట తాతారావు ఇంటికి వెళ్ళి అడిగితే మాత్రం ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో "మాదేనండీ" అంటారు. గొప్పలు పోతున్నట్టు కాదు, గడియారం చూసి టైము చెప్పినంత మామూలుగా అంటారు.

వాళ్ళ తెలివికి ఒకటే ఆధారం. నోటిమాట నమ్మరు, కంటితో చూసింది అసలే నమ్మరు. కాగితం మీద ఏముంటే అదే నిజం. పంచాంగంలో వాన అని ఉంటే మండుటెండలో నలుగురూ గొడుగులు వేసుకుని బయల్దేరతారు. ఇంటికొచ్చి బట్టలు తడిమి చూసుకుని, "చూశారా, గొడుగు లేకపోతే ఏమైపోదుమో" అనుకుంటారు.

తాతారావు తమ్ముడు అబ్బులుకి ముప్పయ్యేళ్ళు. కొత్త రేషన్ కార్డులో ఎనభై అని పడింది. అంతే. ఆ సాయంత్రమే తాతారావు తమ్ముడికి చేతికర్ర కొనిచ్చాడు. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మకి అరవై రెండు. తనకంటే పద్దెనిమిదేళ్ళు పెద్దవాణ్ణి ఒరే అనడం మర్యాద కాదని, "అబ్బులుగారండీ, అన్నానికి లేవండి" అనడం మొదలెట్టింది. అన్నగారు "పెద్దాయనా" అని పిలుస్తాడు. పిలవగా పిలవగా అబ్బులుకి మోకాళ్ళ నొప్పులు కూడా పట్టుకున్నాయి.

ఇక నాలుగో మనిషి తాతారావు భార్య నూకరత్నం. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఎనిమిదేళ్ళు. పుట్టింట్లో ఉన్నప్పుడు కొంచెం తెలివితక్కువగా ఉండేదట, ఇక్కడికొచ్చాక బాగుపడిందని ఆవిడే చెబుతుంది. కాగితం తర్వాత ఆమెకి లోకంలో అంత ఇష్టమైనది బూరె ఒక్కటే.

బూరె అంటే వాళ్ళ కుక్క. రంగు కూడా వేగిన బూరె రంగే. ఒక చెవి ఎప్పుడో కోడిపుంజుతో గొడవపడి చింపుకుంది. తోక మధ్యలో వంకర. చేపల వాసన తగిలితే దానికి ఒళ్ళు తెలియదు, పిల్లిని చూస్తే మంచం కిందికి దూరుతుంది. నూకరత్నం ఎటు వెళితే అటు వెళ్ళి, ఆమె కూర్చుంటే కాలి మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. ఆ బరువు లేకపోతే ఆమెకి కూర్చున్నట్టే ఉండదు.

అలాంటి బూరె ఒక మంగళవారం కనిపించకుండా పోయింది. ఆ రోజంతా నూకరత్నం ముద్ద ముట్టలేదు. మర్నాడు చేపల పోలయ్య సైకిలు దిగుతూనే విషయం చెప్పాడు.

"మీ బూరె నా బుట్ట వెనకాలే టౌను దాకా వచ్చేసిందండి. బజార్లో ఎవరి చేపల మీదో పడితే వ్యానులో ఎక్కించుకుపోయారు. కాలవ లాకుల దగ్గర జంతువుల షెల్టరు లేదూ, అక్కడ పెట్టారండి. శనివారం లోపు వెళ్ళకపోతే వేరేవాళ్ళకి పెంపకానికి ఇచ్చేత్తారంట."

"ఇప్పుడే వెళదాం, లేవండి" అంది నూకరత్నం.

"ఊరికే వెళితే ఇవ్వరమ్మా. అక్కడ మేడమ్‌గారికి తెలుగు రాదు. వెళ్ళినోళ్ళనల్లా మీ పెట్ ఎలా ఉంటుందో ఇంగ్లీషులో చెప్పమంటారు. చెప్పింది సరిపోతేనే తాడు చేతికిత్తారు."

ఇంకేముంది, గురువారం పొద్దున్నే నలుగురూ టౌన్లో బస్టాండు పక్కనున్న సుందరశివరావు మాస్టారి స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో వాలిపోయారు. మాస్టారు ఓపికున్న మనిషి. పెంపుడు జంతువుల గురించి మాట్లాడటం అనే పాఠం తీసి, బోర్డు మీద రెండు వరసలుగా మాటలు రాశారు, వాళ్ళకోసం తెలుగు అక్షరాల్లోనే. ఫ్లఫీ అంటే మెత్తగా పొంగిన బొచ్చు. జెంటిల్ అంటే సాధువు. క్వయిట్ అంటే చప్పుడు చెయ్యనిది. ఒబీడియంట్ అంటే చెప్పిన మాట వినేది. రెండో వరసలో గ్రీడీ అంటే తిండిపోతు, నాటీ అంటే అల్లరిది, టార్న్ అంటే చిరిగినది, క్రుకెడ్ అంటే వంకర, అఫ్రెయిడ్ అంటే భయపడేది. నూకరత్నం అన్నీ నోటికి పట్టేసింది. బూరె కోసమంటే ఆమెకి ఏదైనా వచ్చేస్తుంది.

"ఇప్పుడు చెప్పండి. రంగేమిటి?" అన్నారు మాస్టారు, కాగితం తీసి.

"బ్రౌన్" అనబోయింది నూకరత్నం. తాతారావు మోచేత్తో పొడిచాడు.

"ఏమే, పరాయి ఊళ్ళో మనవాడి గురించి అలాగేనా చెప్పడం? పెళ్ళి సంబంధానికెళ్ళి పిల్ల నలుపని చెబుతామా? నల్లపిల్లని చామనచాయ అంటాం, చామనచాయ పిల్లని తెలుపంటాం. మన బూరెది చామనచాయ. తెలుపని రాయండి మాస్టారూ."

మాస్టారు రాశారు. "చెవులు?"

"ఒకటి చిరిగిందండి" అంది అచ్చియ్యమ్మ, అని నాలిక్కరుచుకుంది.

"చిరిగిన ముక్క కూడా కలిపి కొలిస్తే పొడుగే కదా. లాంగ్ ఇయర్స్ రాయండి" అన్నాడు అబ్బులు, పెద్దరికంగా కర్ర తాటించి.

"బొచ్చు?" ఫ్లఫీ. "గుణం?" జెంటిల్, క్వయిట్, ఒబీడియంట్, మొదటి వరసలో ఉన్నవన్నీ. "ఏం తింటుంది?" దొంగ చేపలు తింటుందని ఎలా చెబుతారు? అచ్చియ్యమ్మ ఆలోచించి, టీవీలో డాక్టర్లు క్యారెట్ మంచిదంటున్నారు కాబట్టి క్యారెట్లు అని రాయించింది.

"మరి డాగ్ అని పైన రాయనా?"

"కుక్క అనా!" అబ్బులు లేచి నిలబడ్డాడు. "కాగితం మీద ఎక్కించి మరీ తిడతారా? వద్దండి."

మాస్టారు రాసినదంతా ఒకసారి చదువుకుని కళ్ళజోడు తీశారు. "తాతారావుగారూ, ఇది చదువుతుంటే నాకు మీ బూరె కనిపించట్లేదండీ."

"కనిపించకే కదండీ వెతుక్కుంటున్నాం" అన్నాడు తాతారావు.

శుక్రవారం షెల్టరుకి వెళ్ళారు. మేడమ్‌గారు నవ్వుమొహం మనిషి. చెయ్యి చాపి కాగితం తీసుకుని చదువుతున్నారో లేదో, వెనక వరండాలోంచి ఒక కుక్క తాడు తెంచుకున్నంత పని చేసి నూకరత్నం మీద పడింది. మొహం నాకింది, చీర నాకింది, చుట్టూ తిరిగింది, కాలి మీద గడ్డం పెట్టింది. నూకరత్నం దాని మీదికి వంగింది. వంకర తోక చూసింది, చిరిగిన చెవి చూసింది. "బూరె" అని నోటిదాకా వచ్చేసింది.

"ఏవండీ, ఇది..."

"కాగితం చూడు" అన్నాడు తాతారావు. "వైట్. ఇది తెల్లగా ఉందా? ఫ్లఫీ. పొంగిందా ఎక్కడైనా? క్వయిట్. అది చేసే గోల వింటున్నావా? పాపం, ఎవరి కుక్కో."

నూకరత్నం కాగితం వైపు చూసింది, కుక్క వైపు చూసింది. కాగితం కదలకుండా ఉంది, కుక్క మాత్రం నిలవట్లేదు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా నేర్చుకున్న తెలివంతా ఒక్కసారి గుర్తు తెచ్చుకుని, ఏడుపు దిగమింగి, ఆ గడ్డం కింద నుంచి కాలు లాక్కుంది.

మేడమ్‌గారు కుక్కనీ వాళ్ళనీ మార్చి మార్చి చూసి, "యువర్స్?" అన్నారు.

"నో మేడమ్. పేపర్, పేపర్" అన్నాడు తాతారావు.

ఆవిడ మళ్ళీ కాగితం చదివారు. తెలుపు, పొంగిన బొచ్చు, పొడుగు చెవులు, చప్పుడు చెయ్యదు, క్యారెట్లు తింటుంది. ఆవిడ మొహం వెలిగింది. లోపలికి వెళ్ళి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఒక తెల్ల కుందేలుని తెచ్చి నూకరత్నం ఒళ్ళో పెట్టారు. కాగితం మాత్రం ఫైల్లో పెట్టేసుకున్నారు.

"చూశారా! ఒక్క మాట పొల్లుపోలేదు" అని మురిసిపోయాడు అబ్బులు. నలుగురూ కుందేలుతో బస్టాండుకి వచ్చారు. వాళ్ళ వెనకే ఆ గోధుమరంగు కుక్క కూడా తెగిన తాడు ఈడ్చుకుంటూ వచ్చేసింది. దాని మెడలో షెల్టరు వాళ్ళు కట్టిన అట్టముక్క ఉంది. అన్నావదినలు తల్లితో బస్సెక్కేశారు. అబ్బులు మాత్రం, ఆ అట్ట మీద ఏముందో కనుక్కుని వస్తానని కుక్కతో మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

మాస్టారు కుక్కని చూడగానే, "అమ్మయ్య, బూరె దొరికిందన్నమాట!" అన్నారు.

"అట్ట మీద ఏముందో చెప్పండి ముందు."

"ఓనర్ నాట్ నోన్. అంటే దీని యజమాని ఎవరో తెలియదని. అది అప్పుడు రాసిన మాట లెండి, మీరే కదా..."

"మేమే యజమానులమైతే, మేమెవరో మాకు తెలియదాండీ?" అన్నాడు అబ్బులు. "తెలుసు కదా. తెలుసు కాబట్టి ఇది మాది కాదు."

ఇక లాభం లేదని మాస్టారు, బూరెని వీళ్ళ దారిలోనే వీళ్ళింటికి చేర్చాలని ఒక ఉపాయం వేసి, కుక్క దొరికిందని తెలుగు అక్షరాల్లోనే నోటీసు రాసిచ్చారు. ఈసారి పరాయి కుక్క కాబట్టి అబ్బులు మొహమాటపడకుండా ఉన్న లోపాలన్నీ ఉన్నట్టే చెప్పాడు. చివర్లో మాస్టారు ఇంకో మాట కలిపారు: ఆదివారం ఉదయం పదింటికి, పాలకేంద్రం నుంచి రెండో సందులో నీలం తలుపు ఇంటికి, ముందు గుమ్మంలోంచే వచ్చి, ఇంగ్లీషులో సరిగ్గా వర్ణించినవాళ్ళకే కుక్క ఇవ్వబడును.

ఇక్కడ ఇంట్లో కుందేలు కథ వేరేగా నడుస్తోంది. గేటు దగ్గర కట్టేస్తే పోలయ్య సైకిలు వెళ్ళినా తల ఎత్తలేదు.

"మొరగరా బూరె" అని తాతారావు తనే నాలుగుసార్లు మొరిగి చూపించాడు. ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. అచ్చియ్యమ్మ చేప ముక్క పెడితే కుందేలు ముక్కు తిప్పుకుని, గుమ్మం పక్కన చీపురు తింది.

"ఇది బూరె కాదండీ" అని ఏడ్చేసింది నూకరత్నం. "ఇది కుందేలు."

తాతారావు దాని చెవులు ఎత్తి చూశాడు. "అవునే. కాగితం మేడమ్ దగ్గర వదిలేసొచ్చాం కదా. కాగితం ఉన్నంతసేపూ బూరెలాగే ఉంది, కాగితం లేకపోయేసరికి కుందేలైపోయింది. ఎంత పని జరిగింది!"

అబ్బులు నోటీసుని పాలకేంద్రం గోడకి అంటించి, కుక్కతో వచ్చాడు. అట్ట మీద మాట చెప్పగానే, అది తమది కాదని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. దాన్ని పెరట్లో కట్టారు. చీకటిపడేదాకా నూకరత్నం దాని పక్కనే కూర్చుని, "నీలాంటిదే మాకూ ఒకటుండేదమ్మా. అచ్చం నీలాగే గడ్డం పెట్టుకునేది" అని దాని వీపు మీదే ఏడ్చింది. అది ఆమె కన్నీళ్ళు నాకుతూ, తోక ఊపుతూ, ఇంతకంటే ఏం చెయ్యాలో తెలియక దిగులుగా చూసింది.

శనివారం పాలు పొయ్యడానికి వెళ్ళినప్పుడు కేంద్రం గోడ మీద నూకరత్నానికి నోటీసు కనిపించింది. కూడబలుక్కుని చదివింది. బ్రౌన్. టార్న్ ఇయర్. క్రుకెడ్ టెయిల్. గ్రీడీ. నాటీ. అంతే, పాలక్యాను అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

"ఏవండీ! బూరె ఎవరికో దొరికిందండీ! కాగితం మీద ఉంది!"

తాతారావు కూడా వెళ్ళి చదివొచ్చాడు. కాగితం మీద ఉందంటే ఇక తిరుగులేదు. "రెండో సందులో నీలం తలుపంట. మన వీధే! ఇన్నాళ్ళూ ఇక్కడే ఉండి, నీలం తలుపు వాళ్ళెవరో మనకి తెలియనేలేదు చూశావా."

ఆ రోజల్లా నూకరత్నం కుండ తోముతూ టార్న్, గిన్నె కడుగుతూ క్రుకెడ్. ఒక్క మాట తప్పినా బూరె ఇంకెవరి పాలో అయిపోతుందని ఆమె భయం.

ఆదివారం తెల్లవారింది. "ముందు గుమ్మంలోకి ఎవరూ రావద్దు, అది కుక్కవాళ్ళ కోసం" అని అబ్బులు కర్ర అడ్డం పెట్టాడు. అందుకని తాతారావూ నూకరత్నమూ పెరటి తలుపులోంచి బయటపడ్డారు. పాలకేంద్రం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నోటీసులో చెప్పినట్టు నేరుగా వచ్చి, రెండో సందు తిరిగి, నీలం తలుపు ముందు ఆగారు.

"అచ్చం మన తలుపులాగే ఉందండీ" అంది నూకరత్నం.

"లోకంలో నీలం రంగు మనొక్కరికే అమ్మారా?" అని తాతారావు తలుపు కొట్టాడు.

"ఎవరండీ?" అంది లోపల్నుంచి అచ్చియ్యమ్మ.

"కుక్కవాళ్ళమండీ."

తలుపు తెరుచుకుంది. గడియారం పది కొడుతోంది. పదింటికి ముందు గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కుక్కవాళ్ళే కాబట్టి, అబ్బులు లేచి నమస్కారం పెట్టాడు. "రండి రండి. టైముకొచ్చారు." అచ్చియ్యమ్మ కుర్చీలు దులిపి, కొత్తవాళ్ళ ముందు పైట సర్దుకుని పక్కన నిలబడింది.

నూకరత్నం మొగుడి చెవిలో, "ఈ పెద్దాయన అచ్చం మన పెద్దాయనలా లేరూ? ఆయనకి అన్నదమ్ములెవరైనా ఉన్నారాండీ?" అంది.

"ఉన్నానుగా, నేను" అన్నాడు తాతారావు.

అబ్బులు కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. లోపల పెరట్లో కుక్క గొలుసు లాగుతూ కుయ్యోమంటోంది.

"కలర్?"

"వైట్ అను, పరువు పోతుంది" అని తాతారావు గొణిగాడు.

నూకరత్నం మొగుడి వైపు చూసింది, కుయ్యోమంటున్న పెరటి వైపు చూసింది. పరువు ఒకపక్క, బూరె ఒకపక్క. తన పిల్లాడి లోపాలు పరాయివాళ్ళ ముందు ఎలా చెప్పడం? కానీ చెప్పకపోయినందుకే కదా పోయినసారి కుందేలుతో ఇంటికెళ్ళారు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"బ్రౌన్" అంది.

"ఇయర్?"

"టార్న్. అదేనండీ, కోడిపుంజు చింపింది. నేనే పసుపు రాశాను."

"టెయిల్?"

"క్రుకెడ్. గ్రీడీ. నాటీ. అఫ్రెయిడ్ ఆఫ్ క్యాట్స్. ఎన్ని ఉన్నా మాకు అదే కావాలండీ."

అబ్బులు ఒక్కో మాట పక్కనా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. అన్నీ సరిపోయాయి. యజమాని ఎవరో తెలిసిపోయింది కాబట్టి, మెడలో అట్ట తీసేసి కుక్కని వదిలాడు. అది గుమ్మందాకా ఒక్క గెంతు గెంతి నూకరత్నాన్ని కింద పడేసింది. "బూరె! మా బూరె!" అని ఆమె దాన్ని కావిలించుకుని ఏడ్చిన ఏడుపుకి అచ్చియ్యమ్మ కూడా కళ్ళొత్తుకుంది.

"కాఫీ తాగి వెళ్ళండి" అంది అచ్చియ్యమ్మ.

"లేదండీ, మా అత్తగారూ మరిదిగారూ ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు. మీ మేలు మర్చిపోలేం" అని చేతులు జోడించి, ఇద్దరూ బూరెతో బయటికి నడిచారు. సందు చుట్టి తిరిగి, పెరటి తలుపులోంచి ఇంట్లోకి వచ్చారు.

"అత్తా! మరిదిగారూ! బూరె దొరికేసింది!"

ఇంకేముంది, ఇల్లంతా సంబరం. అచ్చియ్యమ్మ బూరెకి దిష్టి తీసింది. అబ్బులు ఎనభయ్యేళ్ళ సంగతి మర్చిపోయి గెంతాడు. కాసేపయ్యాక అచ్చియ్యమ్మ నిట్టూర్చింది.

"ఒక్క క్షణం ముందొచ్చుంటే బాగుండేదే. ఆ దొరికిన కుక్క తాలూకు మొగుడూపెళ్ళాలు ఇప్పుడే వచ్చి తీసుకెళ్ళారు. ఎంత మంచివాళ్ళనుకున్నావ్! ఆయన అచ్చం మా తాతారావే. ఆవిడైతే నీ ఆకుపచ్చ చీరే కట్టుకొచ్చింది."

నూకరత్నం ఉలిక్కిపడింది. "నా ఆకుపచ్చ చీరా? అది పెట్టెలో పెట్టాను కదత్తా!"

తాతారావు లోపలికి పరుగెత్తి పెట్టె తీసి చూశాడు. చీర లేదు.

"లేదే! పోయింది!" అని గోలపెట్టాడు. "మాటల్లో పెట్టి, కుక్కా చీరా రెండూ కొట్టేశారు! దొంగ మొగుడూపెళ్ళాలు!"

అంతే. అబ్బులు కర్ర అందుకున్నాడు, అచ్చియ్యమ్మ కుందేలు తినగా మిగిలిన చీపురు అందుకుంది, నూకరత్నం ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుంది. అందరికంటే ముందు బూరె మొరుగుతూ ఉరికింది. ఆ దొంగలిద్దర్నీ పట్టుకోవడానికి నలుగురూ నీలం తలుపులోంచి వీధిలోకి పరుగు తీశారు.